ఎనభై మీటర్ల దూరం

ఏప్రిల్ 2, బుధవారం

సుధ పంపిన ఫొటో ఉదయం ఆరూ పదికి వచ్చింది. జీడితోటలో ఆడ ఎలుగుబంటి, వీపు మీద పిల్ల. కింద ఒకటే మాట: "ఎలా ఉంది అమ్మమ్మా?" ఎంత దూరం నుంచి తీశావని అడిగాను. "వంద మీటర్లుంటుంది" అని జవాబు.

వంద మీటర్ల నుంచి ఫోనుతో తీస్తే జంతువు అంత పెద్దగా పడదు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. సరూప త్రిభుజాలు ఆ పిల్లకు ఈ వసారాలోనే నేర్పాను.

మా ఇద్దరి ఫోన్లూ ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. ఎలుగు పొడవు ఐదడుగులకు కాస్త అటూ ఇటూ అని తన ప్రాజెక్టు కాగితాల్లోనే ఉంది. వసారాలో బల్ల సరిగ్గా ఐదడుగులు. ఫొటోలో ఎలుగును స్కేలుతో కొలిచాను. పదకొండు మిల్లీమీటర్లు. బల్లను వీధిలోకి లాగి, అది కూడా ఫోనులో పదకొండు మిల్లీమీటర్లయ్యే వరకు వెనక్కి నడిచాను.

ఎదురింటి లక్ష్మీనరసమ్మ అరుగు మీద నుంచి చూస్తోంది. "ఏటి టీచరుగారూ, బల్లకి పెళ్లిచూపులా?" అంది. వచ్చి టేపు రెండో కొస పట్టుకోమన్నాను. మూడుసార్లు కొలిచాను. పద్నాలుగు, పద్నాలుగుంబావు, పద్నాలుగు.

మా గేటు నుంచి మూడో ఇంటి గేటుకి పద్నాలుగు మీటర్లు.

ఏప్రిల్ 3, గురువారం

సాయంత్రం సుధ ఫోను చేసింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో వాళ్ల ప్రొఫెసరుగారు ఏమన్నారో చెప్పబోయింది. ముందు నేను పద్నాలుగు అన్నాను.

"ఏంటి పద్నాలుగు?"

"నువ్వు నిలబడ్డ దూరం. వంద కాదు."

"కొలిచావా?" అంది.

"కొలిచాను."

"ఫొటో చూశావా అమ్మమ్మా? పిల్ల తల్లి బొచ్చు ఎలా పట్టుకుందో, అది చూశావా?"

"నువ్వు అబద్ధం చెప్పావు. అది చూశాను."

ఫోను పెట్టేసింది.

నేను అన్నదాంట్లో తప్పు లేదు. మాట మాటా మళ్లీ గుర్తు చేసుకుని చూశాను. తప్పు లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఫోను రాలేదు.

ఏప్రిల్ 5, శనివారం

ఫోను రాలేదు. నేనూ చేయలేదు. చేయవలసింది తను.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. ఆయన ఉండగా ఈ రోజు గుడిలో వయొలిన్ వాయించేవారు. పోయి ఏడాదీ నాలుగు నెలలయింది. పానకం ఒక గ్లాసుకు సరిపడా చేశాను. బెల్లం కొలిచే వేశాను. అయినా తీపి ఎక్కువైంది.

ఫోను రాలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

బుద్ధులు చెబితే పద్నాలుగు మీటర్లు పదిహేను కావు. ఆ పిల్ల ఫొటోలు తీయడం మానదు. తీయకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే ఎమ్మెస్సీ లేదు. కాబట్టి దూరం నుంచి తీయగలిగిన వస్తువు దాని చేతిలో ఉండాలి. ఇది రాజీ పడటం కింద రాదు.

ఆటోలో శ్రీనాథ్ షాపుకి వెళ్లాను. 1998 బ్యాచ్. లెక్కల్లో ముప్పై ఆరు. జుట్టు సగం పోయింది గానీ నన్ను చూసి లేచి నిలబడే తీరు మారలేదు.

"కెమెరా ఎవరికి టీచరుగారూ?"

"ఎలుగుబంటికి."

"అమ్మో! దానికి ఈఎంఐ ఇవ్వరండి" అన్నాడు. నేను నవ్వలేదని గ్రహించి మూడు కెమెరాలు తెచ్చి పెట్టాడు.

మొదటిదానికి లెన్సు మూరెడు పొడుగు. బొమ్మ అద్భుతంగా వస్తుందన్నాడు. తూచమన్నాను. పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టాడు. మూడు కిలోల రెండు వందలు. మెడలో అంత బరువుతో పరిగెత్తలేదు. నేను వేసుకున్న పట్టికలో కొట్టేశాను. రెండోది జేబులో పడుతుంది. డబ్బా మీద నలభై రెట్లని రాశారు. అందులో లెన్సు నిజంగా దగ్గరికి తెచ్చేది పది రెట్లు, మిగతాది ఉన్న బొమ్మనే సాగదీయడం. పిండి చాలక నీళ్లు పోసినట్టు. అదీ కొట్టేశాను. మూడోదానికి లెన్సు ఊడిరాదు. అరవై రెట్లూ నిజమైనవే. బరువు కిలో నాలుగు వందలు.

"కాపోతే తెల్లారగట్ల, సందెవేళ దీనికి వెలుగు సాలదండి. బొమ్మ గరుకుగా వస్తాది."

"బొమ్మ గరుకుగా ఉంటే ఉండనీ. మనిషి నున్నగా ఉంటే చాలు."

చెట్టుకు కట్టి వదిలేసే కెమెరాల గురించి అడిగాను. ఎదురుగా ఏదైనా కదిలితే వాటంతట అవే తీస్తాయి, మనిషి అక్కడ ఉండనక్కర్లేదు. అన్నిటిలో అదే మేలనిపించింది. సుధ అవెందుకు వాడటం లేదో అడగాలి. అడగాలంటే ఫోను చేయాలి. పట్టికలో ఆ వరస ఖాళీగా వదిలాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఎలుగు గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పరిగెత్తుతుందట. ఎనభై మీటర్లు రావడానికి దానికి సుమారు పది సెకన్లు. అంతకంటే తక్కువకు నేను ఒప్పుకోను. ఎనభై మీటర్ల నుంచి మూడో కెమెరాలో ఐదడుగుల జంతువు బొమ్మలో ఎనిమిదింట ఐదు వంతులు నింపుతుంది. కాగితం మీద సరిపోయింది. కాగితాన్ని నమ్మి కొనకూడదు.

శ్రీనాథ్‌ను కాలేజీ గ్రౌండుకి రమ్మన్నాను. ఎనభై మీటర్లు టేపుతో కొలిచి అవతల నిలబెట్టాను. పదకొండు గంటల ఎండ.

"టీచరుగారూ, ఇంకా ఎంతసేపు నిలబడాల?" అని అరిచాడు. తొమ్మిదో తరగతిలో కూడా ఇదే అడిగేవాడు.

కెమెరాలో చూస్తే చొక్కా మూడో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది. ఆ మాట చెబితే వంగి చూసుకుని, "మా ఆవిడ చెప్పనేలేదండి" అన్నాడు.

ఇక చప్పుడు. కళ్లు మూసుకుని నొక్కమన్నాను. మామూలుగా టిక్కుమంటుంది. చప్పుడు లేకుండా తీసే పద్ధతి కూడా ఉందని ఏదో తిప్పాడు. నొక్కమన్నాను.

"మూడుసార్లు నొక్కేశానండి."

నాకు ఒక్కటీ వినబడలేదు. ఆయన సాధన గదికి ఆనుకునే మా వంటిల్లు. గిన్నె కింద పెట్టినా వినబడకుండా నలభై ఏళ్లకు పైగా సంసారం చేశాను. నాలుగేళ్లప్పుడు వచ్చిన సుధకు మునివేళ్ల మీద నడవడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టి దగ్గడం నేర్పాను. ఈ చెవులకే వినబడలేదంటే ఎలుగుకేం వినబడుతుంది. తోటలో ఆకు కదలకుండా నడవడం ఆ పిల్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క విషయంలో నాకు బెంగ లేదు.

కొన్నాను. ధర లెక్కల పుస్తకంలో ఉంది.

ఏప్రిల్ 10, గురువారం

రాయగడ నుంచి శైలజ ఫోను చేసింది. అల్లుడికి మళ్లీ బదిలీ కావచ్చట. ఈ బదిలీల వల్లే కదా కూతురిని నా దగ్గర వదిలింది. సుధ నాకు ఫోను చేస్తోందా అని అడిగింది. రోజూ చేస్తోందని చెప్పాను.

ఏప్రిల్ 12, శనివారం

సుధ దగ్గరికి చెప్పకుండా బయల్దేరాను. చెబితే రావద్దంటుందేమోనని కాదు. రైలు సమయం కచ్చితంగా తెలియదు కనక.

నౌపడ దగ్గర ఉప్పు మడుల పక్కన తెల్లటి కుప్పలు. రైలు ఆగేలోగా నలభై ఒకటి లెక్కపెట్టాను. అక్కడి నుంచి ఆటోలో గంట. జీడి, కొబ్బరి, పనస తప్ప వేరే చెట్టు లేదు. మట్టంతా ఇసక.

సుధ ఉండేది జగ్గమ్మ ఇంట్లో ముందు గది. జగ్గమ్మకు యాభై దాటి ఉంటాయి. ఎకరన్నర జీడితోట ఉంది. చేతుల నిండా జీడి సొనకు కాలిన నల్లమచ్చలు. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనేటమ్మా, బల్లని కొలిసిన అమ్మమ్మవి?" అంది. అంటే పిల్ల అంతా చెప్పింది. నాతో మాట్లాడని తొమ్మిది రోజులూ నా గురించే మాట్లాడిందన్న మాట.

సుధ పదకొండింటికి తోటలోంచి వచ్చింది. నల్లబడింది. చిక్కింది. "అమ్మమ్మా" అని గుమ్మంలో నిలబడిపోయింది. నేను లోపలికి రమ్మనలేదు, అది తన గదే. డబ్బా ఇచ్చాను. విప్పింది. వీధి చివర కొబ్బరిచెట్టు మీద కాకిని చూసి, "అమ్మమ్మా! దాని ముక్కు మీద గీత కనిపిస్తోంది!" అంది. ఆ తర్వాత మా మధ్య పద్నాలుగు మాట రాలేదు.

చెట్టుకు కట్టే కెమెరాల సంగతి జగ్గమ్మ చెప్పింది.

"కట్టినాదమ్మా రెండు, మా తోటలోనే. తెల్లారి మా ఆడోళ్లం సెంబట్టుకుని ఎల్లేది అక్కడికే గదా! ఎలుగులు పడవు, మేం పడతాం. ఊరంతా గోల. నానే ఇప్పించీసినాను."

సుధ సిగ్గుతో తల వంచుకుంది. "చూడకుండానే మొత్తం చెరిపేశాను అమ్మమ్మా" అంది.

ఆ ఖాళీ వరసలో కారణం రాసుకున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇంటికి చేరాను.

పొద్దున్న ఐదున్నరకు ఊళ్లో ఆడవాళ్లంతా జీడిపిక్కలు ఏరడానికి బయల్దేరారు. ఏం గోల! రేకు డబ్బాలు వాయించడం, ఒకరినొకరు తిట్టుకోవడం, కూతలు. "ఒసే లక్ష్మణమ్మా, నీ మొగుడింకా లెగలేదేటే?" అని ఒకరంటే తోట అవతలి నుంచి ఇంకొకరు జవాబు. ముప్పై నాలుగేళ్లలో అంత అల్లరి చేసిన తరగతి నాకు తగల్లేదు.

"ఈ గోలకి ఏ జంతువు వస్తుంది?" అన్నాను సుధతో.

"రాదు. అందుకే వాళ్లు..."

"అందుకే నువ్వు వీళ్లతో వెళ్లకు. వేరేగా వెళ్లు. ఎనభై మీటర్లు తగ్గకు. చప్పుడు చెయ్యకు. చప్పుడు చెయ్యని కెమెరా ఇచ్చాను కదా."

ఏదో చెప్పబోయి ఆగింది. నాకేసి చూసి, "నువ్వు చెప్పావంటే సరే అమ్మమ్మా" అంది.

రైల్లో వస్తూ ఆ మాట చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది.

ఏప్రిల్ 14, సోమవారం

ఫొటో. దూరం 82.

ఏప్రిల్ 15, మంగళవారం

రెండు ఫొటోలు. 85, 80. రెండోదాంట్లో ఎలుగు ముక్కు మీద చీమ. కొంచెం గరుకుగానే ఉంది.

ఏప్రిల్ 16, బుధవారం

91. ఫోనులో ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది. వాళ్ల ప్రొఫెసరుగారు ఫొటోలు చూసి, ఇవి అసలు నువ్వే తీశావా అన్నారట.

లక్ష్మీనరసమ్మకు చూపించాను. "బల్ల కంటే బాగుందండి" అంది.

ఏప్రిల్ 17, గురువారం

83. ఎడమవైపు పనసచెట్టు, కింద రాలిన పండు. రేపు మళ్లీ అక్కడికే వెళ్తానంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఏడూ నలభైకి జగ్గమ్మ ఫోను. బయల్దేరుతున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ఆసుపత్రి. వరసగా రాస్తాను.

శుక్రవారం ఉదయం ఆరూ ఇరవై. సుధ ఒక ఇసక గట్టు పక్కన కూర్చుంది. ఎదురుగా ఎనభై మూడు మీటర్లలో పనసచెట్టు, కింద ఎలుగు. కుడి కన్ను కెమెరాలో, ఎడమ కన్ను మూసి. అరవై రెట్లలో చూస్తే లోకం మొత్తం ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటుంది. ఈ లెక్క నాకు తెలుసు. గ్రౌండులో నేనే వేశాను. ఆ ఎనిమిది అడుగుల అవతల ఏముంటుందన్నది వేయలేదు.

రాలిన జీడిపళ్లు తింటూ ఇంకో ఎలుగు ఎడమపక్క నుంచి వచ్చింది. వాటికి చూపు తక్కువ. తల వంచి తింటున్నప్పుడు చెవులూ అంతంతే. సుధ కదలలేదు, దగ్గలేదు, కెమెరా టిక్కుమనలేదు. అక్కడొక మనిషి ఉన్నట్టు దానికి తెలియదు. ఇద్దరికీ ఒకేసారి తెలిసేసరికి మధ్య దూరం రెండు మీటర్లు.

ఎడమ ముంజేయి. నర్సు పద్దెనిమిది కుట్లంది. కట్టు మార్చేటప్పుడు నేను లెక్కపెట్టాను. పంతొమ్మిది. కుక్క కరిచినప్పుడు వేసే సూదులే వేస్తున్నారు. మొదటిది శుక్రవారం అయింది. రేపొకటి, ఇరవై ఐదున, మే రెండున. ముఖానికి ఏమీ కాలేదు. ముఖానికి ఏమీ కాలేదు.

పక్క తోటలో ఉన్న జగ్గమ్మ డబ్బా వాయిస్తూ, కేకలేస్తూ పరిగెత్తుకొచ్చింది. ఆ చప్పుడుకి అది వదిలి పోయింది. కెమెరా ఇసకలో పడిందట, గీత కూడా పడలేదట. ఈ మాట నాతో ఇద్దరు చెప్పారు, నేను సంతోషిస్తానని.

శైలజ నిన్న వచ్చింది. ఇప్పుడు పిల్ల పక్కన తనే ఉంది. నేను వరండాలో రాస్తున్నాను. జగ్గమ్మ పొద్దున్న కొబ్బరి బొండాలు తెచ్చింది. బెంచీ మీద నా పక్కనే కూర్చుంది.

"తోట్లోకి సప్పుడు సెయ్యకుండా ఎవులెల్తారమ్మా? ఎలుగు మనిసిని తినడానికొస్తాదేటి? బెదిరి పడతాది. మనం వస్తన్నామని దానికి తెలవాల. తెలిస్తే అదే తప్పుకుంటాది. అందుకే గదా మాం గొంతు సించుకునీది. పిక్కలేరినప్పుడు కూడా అంతే. ఒకతె వంగితే ఒకతె అటు తిరిగి నిలబడాల, ఈపుకి ఈపు. మా అమ్మ సెప్పినాది, దాని అమ్మ సెప్పినాది."

"సుధకు చెప్పలేదా?"

"ఎన్ని మార్లో! 'ఓలమ్మా, డబ్బా అట్టుకెల్లే' అంటే నవ్వీది. నాకు గట్టిగా మాటాడ్డం రాదత్తా అనీది. మీ మనవరాలు పిల్లి నడిసినట్టు నడుస్తాది. ఇంట్లో ఉన్నాదో లేదో తెలవదు. ఏ తల్లి నేర్పినాదో గానీ."

బొండాం కొట్టి నా చేతిలో పెట్టింది. తాగాను. ఎవరు నేర్పారో చెప్పలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

రెండో సూది. శైలజ భోజనానికి వెళ్లినప్పుడు సుధ కళ్లు మూసుకునే చెప్పింది.

"నోరు తెరిచాను అమ్మమ్మా. అరుద్దామనే తెరిచాను. రాలేదు."

దుప్పటి సరిచేశాను. అది సరిగ్గానే ఉంది.

"తాతయ్య గది తలుపు కనిపించింది" అంది. కాస్త నవ్వింది కూడా.

ఏప్రిల్ 24, గురువారం

ముగ్గురం విజయనగరం వచ్చాం. శైలజ రాత్రి బండికి రాయగడ వెళ్లింది. వెళ్లే ముందు వంటింట్లో నాతో, "ఆ ప్రాజెక్టు మాన్పించమ్మా. నీ మాటైతే వింటుంది" అంది.

నా మాట వింటుంది. అవును.

ఏప్రిల్ 25, శుక్రవారం

మూడో సూది.

ఇంట్లో ఇద్దరం ఉన్నాం. ఇద్దరం ఉన్నట్టు లేదు. కాఫీ గ్లాసు పెడుతుంది, వినబడదు. తలుపు వేస్తుంది, వినబడదు. గదిలో ఉందో లేదో చూడటానికి పొద్దుటి నుంచి నాలుగుసార్లు లేచాను.

కెమెరా ఇనప బీరువాలో పెట్టాను. దుమ్ము పట్టకుండా.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇంకా ఆరు పూటల పరిశీలన ఉంటే ప్రాజెక్టు పూర్తవుతుందట. ప్రొఫెసరుగారు గడువు పెంచారట. కుట్లు విప్పాక వెళ్తానంది. నేను కూర తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

"కెమెరా ఎక్కడుంది అమ్మమ్మా?"

"బీరువాలో."

"తాళం?"

"కనబడటం లేదు. వెతకాలి."

నా బొడ్లోనే ఉంది. పిల్ల నా మొహం చూసింది. నాలా కొలవలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

కుట్లు విప్పారు. పంతొమ్మిదే.

నేను ఏం చేయగలనో కాగితం మీద వేసుకున్నాను. మాన్పించగలను. మానేస్తుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో నా పక్కనే, నాకు వినబడకుండా, తిరుగుతుంది. ఎన్నాళ్లో. ఈ లెక్క రెండో వరస దాటి సాగలేదు.

మే 1, గురువారం

సుధ ఎదురింట్లో లక్ష్మీనరసమ్మతో కూర్చుంది. ఆయన గదిలోకి వెళ్లాను. వయొలిన్ పెట్టె గుడ్డ కప్పి ఉన్నచోటే ఉంది. తలుపు వేసి అరవడానికి ప్రయత్నించాను.

రాలేదు. నాకు డెబ్బై ఒకటి. తరగతిలో కూడా ఎప్పుడూ గొంతు పెంచలేదు. చూస్తే చాలు, ఊరుకునేవారు. నోరు తెరిచి నిలబడ్డాను. ఇదే కదా ఆ పిల్ల చెప్పింది.

ఏం అనాలో ముందు తెలిస్తే అనగలనేమో అనిపించింది. పదమూడో ఎక్కం మొదలుపెట్టాను. పదమూడొకట్ల పదమూడు. మామూలు గొంతు. పదమూడు నాలుగులు యాభై రెండు దగ్గరికి కొంచెం పైకి. తొమ్మిదులకు వచ్చేసరికి కిటికీ రెక్క అదిరినట్టనిపించింది. కాదు, లక్ష్మీనరసమ్మ బయట నుంచి కొడుతోంది.

"ఏటైపోనాది టీచరుగారూ! ఎవలైనా వచ్చినారేటి?"

వెనక సుధ. నన్ను ఎప్పుడూ చూడనట్టు చూస్తోంది. బొడ్లోంచి తాళం తీసి ఇచ్చాను.

"ఒక్కదానివీ వెళ్లవు" అన్నాను.

మే 2, శుక్రవారం

నాలుగో సూది. శైలజకు ఫోను చేశాను. మాన్పించడం లేదని, నేను కూడా వెళ్తున్నానని చెప్పాను. చాలాసేపు అరిచింది. తన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. నేర్పకపోయినా ఎక్కడో వచ్చింది. ఫోను దూరంగా పెట్టకుండా చివరి దాకా విన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. సుధ రోజూ ఫోను చేస్తోందని ఆ రోజు నేనన్నది అబద్ధమని.

"తెలుసమ్మా" అంది.

మే 6, మంగళవారం

జగ్గమ్మ ఇంటి ముందు గది. నిన్నటిది రాస్తున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు నలుగురం తోటలోకి వెళ్లాం. జగ్గమ్మ, లక్ష్మణమ్మ, సుధ, నేను. నా చేతికి డబ్బా, పుల్ల ఇచ్చారు. వాయించాను. నోరు కూడా కావాలంది జగ్గమ్మ. వాళ్లలా తిట్టడానికి నాకు ఎవరూ లేరు. పదిహేడో ఎక్కం ఎత్తుకున్నాను.

"పదిహేడు మూళ్లు?" అని ఆగాను, అలవాటు కొద్దీ.

"ఎవులికెరుకమ్మా! యాభై ఏసుకో!" అని లక్ష్మణమ్మ అరిచింది.

"యాభై ఒకటి!" అని వెనక నుంచి ఇంకో అరుపు. సన్నగా, పగిలి, గీరుకుపోయి. సుధది. జగ్గమ్మ ఆగి వెనక్కి తిరిగి, "ఓలమ్మో, దీనికీ నోరున్నాదే!" అంది. పంతొమ్మిదో ఎక్కం అయ్యేసరికి పనసచెట్టు కనబడింది.

అక్కడ మరీ గోల చేస్తే జంతువు అసలు రాదు. చేయకపోతే ఏమవుతుందో చూశాం. జగ్గమ్మ చెప్పినట్టు చేశాం. వాళ్లిద్దరూ కాస్త దూరంలో డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. చెయ్యి ఇంకా బరువు పట్టదు కనక కెమెరా మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి, సుధ చెట్టు వైపు తిరిగి కూర్చుంది. దూరం ఎనభై ఆరు, నేనే కొలిచాను. ఆమె వీపుకు నా వీపు ఆనించి నేను ఇటు తిరిగి కూర్చున్నాను. అరనిమిషానికొకసారి మామూలు గొంతుతో ఒక ఎక్కం మెట్టు చెప్పాలి, వెనక నుంచి వచ్చేదానికి ఇక్కడ మనుషులున్నారని తెలియడానికి.

నాకు కనబడేది ఖాళీ తోట. జీడి మొక్కల కింద నీడలు, ఇసక మీద ఎండుటాకులు. ఒకచోట చూపు నిలిపితే కుదరదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పుతూ ఉండాలి. ఆ పని ఇంత కష్టమని అనుకోలేదు. ఆ పిల్లను పెంచిన పంతొమ్మిదేళ్లలో ఇంత దగ్గరగా, ఇంతసేపు కూర్చోలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా నుదురు ముట్టి లేచేదాన్ని. ఎముకలు తెలుస్తున్నాయి. తిండి సరిగ్గా తినడం లేదు.

ఐదూ నలభైకి ఇరవై మూడో ఎక్కంలో ఉన్నాను. నా వీపు వెనక ఊపిరి ఆగింది. వెన్ను నిటారైంది. వచ్చిందన్న మాట. చాలా నెమ్మదిగా, "పిల్ల కూడా ఉంది అమ్మమ్మా" అంది. మొదటి ఫొటోలో నేను చూడని పిల్ల. తల్లి బొచ్చు ఎలా పట్టుకుందో ఇప్పుడు నాకు చూడాలని ఉంది. ఒక్కసారి మెడ తిప్పితే చాలు.

"ఇరవై మూడు ఆర్లు నూట ముప్పై ఎనిమిది" అన్నాను. ఇటే చూస్తూ కూర్చున్నాను.